చిత్రఫలకమునుండి ఆటలోని అడవికి

ఖమ్మమునుండి వైరా మీదుగా వచ్చు రహదారి తల్లాడ చేరినంతనే చీలును. ఒక శాఖ సత్తుపల్లి వైపునకు, మరియొకటి కొత్తగూడెము వైపునకు సాగును. ఈవల వరిమళ్లు, మిరపచేలు, మామిడితోటలు; ఆవల క్రమముగా చిక్కబడు అడవి; దానికి చివర గోదావరి, భద్రాచలము. చిత్రకారునకు ఇట్టి తావు దొరకుట భాగ్యము. ఒక చెట్టు నీడను కూర్చుండి, నచ్చిన దిక్కునకు తిరిగి, నీటిరంగులతో ఆ దృశ్యమును కాగితముపై నిలుపవచ్చును. కాని ఆ అడవినే వీడియో గేములో నిర్మింపుమని ఎవరైన కోరినచో అతడేమి చేయవలెను? ఇన్నేండ్లు నేర్చిన విద్య అక్కరకు వచ్చునా? లేక కుంచెను విడిచి మొదటినుండి ఆరంభింపవలెనా? చిత్రకళాశాలలనుండి వెలువడు యువతీయువకులకు ఇది బ్రతుకుతెరువు ప్రశ్న. అందుచే దీనిని కొంచెము నిదానముగా విచారింతము.

మన చిత్రకారులకు ఇట్టి మార్పు బొత్తిగా క్రొత్తది కాదు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయులవారి వద్ద చిత్రకళ నభ్యసించిన అడివి బాపిరాజుగారు, 1936లో ‘అనసూయ’, ‘ధ్రువ విజయము’ అను చలనచిత్రములకు కళాదర్శకత్వము వహించిరి. చిత్రకారుడును, కథకుడును అయిన మా. గోఖలేగారు 1957లో కళాధర్‌గారితో కూడి ‘మాయాబజారు’నకు కళాదర్శకులైరి. అందలి ద్వారకానగరమునకై 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల స్థలములో సుమారు 300 చిన్న ఇండ్లను కట్టి, వానికి దీపములు అమర్చిరి. గీచిన నగరమును కట్టిన నగరముగా మార్చుట ఆనాడే మనవారికి అలవడినది. అయినను ఆ ద్వారకను కెమెరా చూపినంతవరకే మనము చూచితిమి. వెనుక వీధిలోనికి పోవుటకు మనకు వీలులేదు. వీడియో గేములో ఆ వీలు కలదు. చిక్కంతయు అచ్చటనే కలదు.

చిత్రమును చూచువాడు ఎచ్చట నిలువవలెనో చిత్రకారుడే నిర్ణయించును. ఆటలో ఆ నిర్ణయము ఆడువానిది. అతడు చెట్టు వెనుకకు పోవును, గుట్ట యెక్కును, వాగులోనికి దిగును, వచ్చిన త్రోవనే మరలి చూచును. కావున చిత్రకారుడు దృశ్యమును గాక స్థలమును సృజింపవలెను. రేడియో నాటకములకు పనిచేయు మాకు ఇది కొంత తెలిసిన సంగతియే. ఎండుటాకుల చప్పుడు, దూరపు వాగు మ్రోత వినిపించినంతనే శ్రోత తన మనస్సులో అడవిని కట్టుకొనును. మేము నాలుగు చప్పుళ్లు వినిపించి తక్కినది అతనికి వదలివేయుదుము. ఆటను నిర్మించువానికి ఆ సౌకర్యము లేదు.

పని సాగు విధమిది. ముందుగా కాగితముపైనో, కంప్యూటరు తెరపైనో ఊహాచిత్రములు గీయుదురు. తరువాత నేల ఎత్తుపల్లములను నలుపు తెలుపుల పటముగా సిద్ధపరచుదురు. దీనికి హైట్ మ్యాప్ అని పేరు. అందు నల్లని చోటు పల్లము, తెల్లని చోటు మిట్ట, నడుమనున్న బూడిదవన్నెలు నడిమి ఎత్తులు. వెలుగునీడల తారతమ్యమును గుర్తింప నేర్చిన కన్నునకు ఇది కష్టము కాదు. ఆ నేలపై మట్టి, రాయి, గడ్డి పొరలను పరచుదురు. చెట్లను ఒక్కొక్కటిగా చేయరు. కొన్ని మూలరూపములను చేసి, వానినే త్రిప్పి, పెంచి, తగ్గించి అడవిగా నాటుదురు. కంప్యూటరు సెకనుకు 30 లేక 60 మారులు దృశ్యమును క్రొత్తగా గీయవలెను గనుక, దూరపు చెట్లకు తేలికయైన రూపములను వాడుదురు.

ఇచ్చట చిత్రకారుని పాతవిద్య ముందుకు వచ్చును. దూరపు కొండ నీలముగా, మసకగా, అంచులు కరగినట్లు కనబడునని అతడెరుగును. ఆటలో ఆ మంచుతెర అందము నిచ్చుటయే గాక, యంత్రము గీయలేని దూరమును కప్పిపుచ్చును. చూపును ఎచ్చటికి మరల్చవలెనో కూడ అతడెరుగును. బాణపు గుర్తు పెట్టకయే, చీకటి చెట్ల నడుమ ఒక వెలుగుపట్టెనో, దూరమున ఒక గోపురమునో నిలిపి ఆడువానిని త్రోవ పట్టింపగలడు.

అతడు క్రొత్తగా నేర్వవలసినవి బ్లెండర్, అన్‌రియల్ ఇంజిన్ వంటి సాధనములు. బ్లెండర్ ఉచితముగనే లభించును, అభ్యాసముచే వశమగును. అంతకంటె ముఖ్యముగా నేలయొక్క కారణములను నేర్వవలెను. భద్రాచలమువద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా పొంగినది. ఆ సంగతి నెరిగినవాడు ఒడ్డున ఇండ్లను ఎచ్చట నిలుపవలెనో ఎరుగును. వేసవికి టేకు ఆకు రాల్చును. ఫాల్గుణమున మోదుగు నిప్పురంగున పూయును. ఇప్పపూవు తెల్లవారుజామున రాలును. ఆ పూవులను ఏరుకొనుటకై కోయవారు చెట్టు క్రింది నేలను ముందే శుభ్రము చేసియుంతురు. ఆటలో అడవి నడుమ ఆకులు లేని అట్టి నేల కనబడినచో, మనిషి బొమ్మ లేకయే మనుష్యుల బ్రతుకు తెలియును. ఏ సాధనమును దీనిని నేర్పదు.

మన దేశపు లోకములు ఆటలలోనికి రాక పోలేదు. హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ను వెలువరించినది. పుణేలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ 2020లో వెలువరించిన ‘రాజీ’ అను ఆటలో పహాడీ చిత్రముల ఛాయలు, తోలుబొమ్మలాటను పోలిన కథాఘట్టములు కలవు. మన చేర్యాల పటము సంగతియు విచారింపదగినది. కథకుడు పటమును విప్పుచు కథ చెప్పునప్పుడు, చూచువాడు కూర్చుండియుండగా లోకమే అతని ముందు సాగిపోవును. 1985నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’లో తెరపై లోకము జరుగు రీతి దీనికి దూరపు చుట్టము.

ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. ఇది పలువురు కలిసి చేయు పని. పేరు ఒక్కనికి దక్కదు. నెలల తరబడి తీర్చిన కొండను ఆటకు అడ్డమని ఒక్క పూటలో తొలగింపవలసి రావచ్చును. అదిగాక నేడు మాటలతో అడిగిన బొమ్మను యంత్రమే గీచి ఇచ్చుచున్నది. పైపై అందము మాత్రమే నేర్చినవానికి చోటు ఇరుకగుచున్నది. కాని యంత్రమెరిగినది ఇతరులు చిత్రించిన అడవులను. తల్లాడ దాటి అడవిలో కాళ్లతో నడచినవానికి చెప్పవలసినది ఇంకను మిగిలియుండును.

ఈ మార్గమున పోదలచినవారికి మేము సూచించు మొదటి అభ్యాసము చిన్నది. ఒక చెట్టును ఎన్నుకొని, నాలుగు వైపులనుండి, ఉదయమున ఒకమారు, సాయంకాలమున ఒకమారు గీయుడు. ఎనిమిది చిత్రములు పూర్తియగునప్పటికి చెట్టు వెనుక ఏమున్నదో తెలియును. కుంచెను విడువవలెనా అను ప్రశ్నకు మా సమాధానమును అదియే. విడువనక్కరలేదు; దానిని చేతబట్టి చెట్టు చుట్టు తిరిగిరావలెను.