పేలిన నక్షత్రం ఎంత దుమ్ము మిగిల్చింది? పాతికేళ్లకు గానీ తేలని లెక్క

పోయిన నెల మా సంఘం ఆదివారం తెలుగు తరగతికి ఎనిమిదో క్లాసు చదివే ఒక అమ్మాయి తన బడి సైన్సు పుస్తకం పట్టుకొచ్చింది. మా ఊళ్లో పిల్లలు చదివేది తమిళంలోనో ఇంగ్లీషులోనో. పుస్తకంలో ఒక మాట మీద వేలు పెట్టి, "తాతా, అగచ్చివప్పును తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. "పరారుణం" అని చెప్పాను. అరుణం అంటే ఎరుపు, పర అంటే అవతలిది. ఎరుపుకు అవతల ఉన్న వెలుగు. ఆ వెలుగుతోనే ఇప్పుడు అంతరిక్షంలోని టెలిస్కోపులు పేలిపోయిన నక్షత్రాల దుమ్మును లెక్క కడుతున్నాయని కూడా చెప్పాను. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది: "కంటికి కనబడని దుమ్మును ఎలా లెక్క పెడతారు తాతా?"

ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా చిట్టా, ఆవర్జా రాసినవాణ్ణి. లెక్క అనే మాట వింటే ఊరుకోలేను. ఇంటికి వచ్చి చదివి తెలుసుకున్నది ఆ అమ్మాయికీ, మీ ఇళ్లలోని పిల్లలకూ పనికొస్తుందని రాస్తున్నాను.

1987లో ఏం జరిగింది?

1987 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున చిలీ దేశంలోని లాస్ కాంపనాస్ పరిశీలనాశాలలో ఇయాన్ షెల్టన్ అనే ఆయన అప్పుడే తీసిన ఫోటో పలకను కడిగి చూశారు. అంతకు ముందు రాత్రి లేని ఒక పెద్ద చుక్క అందులో ఉంది. అదే రాత్రి అదే చోట ఆస్కార్ దుహాల్దే మామూలు కంటితోనే దాన్ని చూశారు. అది ఒక సూపర్‌నోవా, అంటే పేలిపోతున్న నక్షత్రం. దానికి ఎస్.ఎన్. 1987ఏ అని పేరు పెట్టారు. 1604 తరువాత భూమికి ఇంత దగ్గరలో, ఇంత ప్రకాశంగా సూపర్‌నోవా కనబడటం అదే మొదటిసారి.

దగ్గర అన్నది ఖగోళ శాస్త్రజ్ఞుల లెక్కలోనే. అది మన పాలపుంత పక్కనున్న పెద్ద మాజెల్లాన్ మేఘం అనే చిన్న గెలాక్సీలో, సుమారు 1,68,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే అక్కడ పేలుడు జరిగిన 1,68,000 ఏళ్లకు దాని వెలుగు మనకు చేరింది.

పేలినది సూర్యుడికి సుమారు 20 రెట్లు బరువైన నక్షత్రం. అంత బరువైన నక్షత్రం జీవితమంతా తన గర్భంలో హైడ్రోజన్‌ను హీలియంగా, హీలియంను కార్బన్, ఆక్సిజన్‌గా, ఆ తరువాత సిలికాన్, చివరకు ఇనుముగా మారుస్తూ పోతుంది. ఇనుముతో ఆ పొయ్యి ఆరిపోతుంది, ఎందుకంటే ఇనుమును కలిపినా శక్తి పుట్టదు. అప్పుడు నడిమి భాగం క్షణంలో కుప్పకూలుతుంది, పైభాగం పేలి బయటికి ఎగిరిపోతుంది. కూలిన సమయంలో పుట్టిన న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు, వెలుగు కనబడటానికి కొన్ని గంటల ముందే భూమిని దాటాయి. జపాన్, అమెరికా, సోవియట్ యూనియన్‌లలో భూగర్భంలో పెట్టిన యంత్రాలు వాటిలో రెండు డజన్లను పట్టుకున్నాయి.

మన దగ్గర ఆలంగాయం దాటాక జవ్వాదు కొండల్లో ఉన్న కావలూరు పరిశీలనాశాల నుంచి కూడా దీన్ని పరిశీలించారు. ఆ అక్షాంశంలో ఆ మేఘం దక్షిణ దిక్కున, ఆకాశం అంచుకు 8 డిగ్రీల ఎత్తుకు మించి లేవదు. చాచిన చేతి పిడికిలి ఎత్తు కూడా ఉండదన్నమాట. షోలాపూర్, బరంపురం వాసులకు ఇంకా దిగువన, దాదాపు నేలను ఆనుకుని ఉంటుంది.

నిప్పులోంచి దుమ్ము ఎలా పుడుతుంది?

ఇక్కడ దుమ్ము అంటే మన వాకిట్లో ఊడ్చే దుమ్ము కాదు. ఒక్కో రేణువు వెంట్రుక మందంలో వందో వంతు కన్నా చిన్నది. గిన్నె అడుగున పట్టే మసికి దగ్గరగా ఉంటుంది. కొన్ని రేణువులు కార్బన్‌తో, కొన్ని సిలికేటుతో, అంటే ఇసుక, రాయి జాతి పదార్థంతో తయారవుతాయి.

పేలిన వాయువు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తుంది. విస్తరించే కొద్దీ చల్లబడుతుంది. మొదట అణువులు జతకడతాయి. 1987ఏలో కొన్ని నెలలకే కార్బన్ మోనాక్సైడ్, సిలికాన్ మోనాక్సైడ్ ఆనవాళ్లు కనబడ్డాయి. ఇంకా చల్లబడ్డాక ఆ అణువులు ఒకదానికొకటి అతుక్కుని రేణువులవుతాయి.

పేలిన సుమారు 500 రోజులకు మూడు సాక్ష్యాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి, కంటికి కనబడే వెలుగు లెక్కకు మించి తగ్గింది. రెండు, అదే సమయంలో పరారుణ వెలుగు పెరిగింది. మూడు, వర్ణపటంలో మనకు అవతలి వైపునుంచి రావలసిన వెలుగు ఎక్కువగా తగ్గిపోయింది, మధ్యలో ఏదో తెర అడ్డం పడినట్టు. ఒక్కటైతే పొరపాటు అనుకోవచ్చు. మూడూ కలిస్తే ఒకటే అర్థం: లోపల దుమ్ము పుట్టింది, అది వెలుగును మింగి వేడెక్కి, ఆ వేడిని పరారుణంగా వదులుతోంది.

ఎరుపుకు అవతలి వెలుగు

1800 సంవత్సరంలో ఇంగ్లండులో విలియం హెర్షెల్ ఎండను గాజు పట్టకం గుండా పంపి, ఒక్కో రంగులో ఒక్కో థర్మామీటరు పెట్టారు. ఎరుపు దాటాక, ఏ రంగూ లేని చోట పెట్టిన థర్మామీటరులోనూ వేడి పెరిగింది. పరారుణం అలా బయటపడింది.

మనకు ఇది కొత్తేమీ కాదు. కొలిమిలోంచి తీసిన ఇనుము ముందు ఎర్రగా వెలుగుతుంది. కాసేపటికి నల్లబడుతుంది, కానీ చెయ్యి దగ్గర పెడితే సెగ తగులుతుంది. ఆ సెగే పరారుణం. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి వెలుగు వదులుతుంది. వేడి తగ్గేకొద్దీ ఆ వెలుగు తరంగదైర్ఘ్యం పెరుగుతుంది. మన ఒంటి వేడికి అది సుమారు 10 మైక్రాన్లు. మైనస్ 250 డిగ్రీల దుమ్ముకు 100 మైక్రాన్లు దాటిపోతుంది.

మరి నేల మీదనుంచి చూడరాదా? గాలిలోని తేమ ఈ వెలుగులో చాలా భాగాన్ని మింగేస్తుంది. పైగా గాలీ, టెలిస్కోపూ కూడా వెచ్చగా ఉండి తామే పరారుణంలో వెలుగుతుంటాయి. పట్టపగలు మిణుగురు పురుగును వెతికినట్టు ఉంటుంది. అందుకే 1987ఏ కోసం నాసా ఒక విమానంలో టెలిస్కోపు పెట్టి న్యూజిలాండ్ నుంచి ఎత్తున ఎగిరి చూసింది. తరువాత పరారుణ టెలిస్కోపులను అంతరిక్షానికే పంపి, చల్లగా ఉంచడం మొదలుపెట్టారు.

మొదటి లెక్క తక్కువ వచ్చింది

తొలి పరిశీలనల్లో తేలిన దుమ్ము సూర్యుడి బరువులో పదివేలో వంతు నుంచి వెయ్యో వంతు వరకు. మనకు అది తక్కువేమీ కాదు, వెయ్యో వంతు అంటేనే 330 భూముల బరువు. కానీ విశ్వం లెక్కలో చాలదు. ఎందుకో చెబుతాను.

విశ్వం పుట్టి సుమారు 1,380 కోట్ల ఏళ్లు అయింది. పుట్టిన 100 కోట్ల ఏళ్లలోపే కొన్ని గెలాక్సీల్లో దుమ్ము విపరీతంగా పేరుకుని ఉన్నట్టు కనబడింది. సూర్యుడి లాంటి నక్షత్రాలు కూడా ముసలితనంలో దుమ్మును వదులుతాయి, కానీ వాటికి ఆ వయసు రావడానికి వందల కోట్ల ఏళ్లు పట్టవచ్చు. బరువైన నక్షత్రాలు మాత్రం కొద్ది కోట్ల ఏళ్లలోపే పేలిపోతాయి. కాబట్టి ఆ తొలి దుమ్ము సూపర్‌నోవాల నుంచి రావాలి. అలా రావాలంటే ఒక్కో పేలుడు సూర్యుడి బరువులో పదో వంతో, అంతకన్నా ఎక్కువో దుమ్మును ఇవ్వాలి. కనబడుతున్నది వెయ్యో వంతు. జమకూ ఖర్చుకూ పొంతన లేదు.

2003 ఆగస్టులో వెళ్లిన స్పిట్జర్ టెలిస్కోపు కూడా 1987ఏను చూసింది. పేలుడుకు వేల ఏళ్ల ముందు ఆ నక్షత్రం వదిలిన వాయువు దాని చుట్టూ వలయంగా ఉంది. పేలుడు తాకిడికి ఆ వలయంలోని దుమ్ము వేడెక్కడం స్పిట్జర్‌కు కనబడింది. అది పాత దుమ్ము, అదీ చాలా కొంచెం.

చల్లటి బూడిద

పొయ్యిలో నాలుగు నిప్పుకణికలు, పక్కన గంపెడు చల్లారిన బూడిద ఉన్నాయనుకోండి. చీకట్లో చూస్తే కణికలే కనబడతాయి. వాటినే లెక్కపెట్టి, పొయ్యిలో ఉన్నది ఇంతే అంటే ఎలా? జరిగింది ఇదే. వేడి దుమ్ము కొంచెమైనా గట్టిగా వెలుగుతుంది. చల్లటి దుమ్ము ఎంత ఉన్నా మసకగా, చాలా పొడవైన తరంగాల్లో వెలుగుతుంది. ఆ తరంగాలను బాగా పట్టే కన్ను అప్పటికి లేదు.

2009 మే 14న ఐరోపా అంతరిక్ష సంస్థ ఆ కన్నును పంపింది. 3.5 మీటర్ల అద్దం గల ఆ టెలిస్కోపుకు హెర్షెల్ పేరే పెట్టారు. 2010లో అది 1987ఏ వైపు చూసింది. 2011లో ఫలితం అచ్చయింది. మైనస్ 250 డిగ్రీల చుట్టుపక్కల ఉన్న దుమ్ము సూర్యుడి బరువులో 0.4 నుంచి 0.7 వంతు వరకు ఉంది. అంటే లక్షకు పైగా భూముల బరువు! పాత లెక్కకు వందల రెట్లు.

అయితే హెర్షెల్‌కు ఆ చోటు ఒక మచ్చలాగే కనబడింది. దుమ్ము నడుమ ఉందా, వలయంలో ఉందా అన్నది తేలలేదు. వలయంలో ఉంటే అది పాత నిల్వ అవుతుంది, కొత్త జమ కాదు. చిలీలోని అటకామా ఎడారిలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా రేడియో టెలిస్కోపులు 2014 నాటికి దాన్ని విడదీసి చూపించాయి. దుమ్ము నడిమధ్యనే, పేలిన నక్షత్రపు సొంత పదార్థంలోనే ఉంది. జమ రుజువైంది.

వెబ్ ఏం చెప్పింది?

2021 డిసెంబర్ 25న వెళ్లిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. అద్దం 6.5 మీటర్లు. ఐదు పొరల ఎండతెర దాన్ని నీడలో ఉంచుతుంది. అందులో ఒక పరికరాన్ని మైనస్ 266 డిగ్రీలకు చల్లబరుస్తారు. వెబ్ చూసేది 28 మైక్రాన్ల వరకే. కాబట్టి హెర్షెల్ చూసిన అతి చల్లని దుమ్మును అది నేరుగా చూడలేదు. కానీ గోరువెచ్చటి దుమ్మును ఇంతవరకు ఏదీ చూడనంత స్పష్టంగా చూస్తుంది.

2.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్.జి.సి. 6946 గెలాక్సీలో 2004లో ఒకటి, 2017లో ఒకటి సూపర్‌నోవాలు కనబడ్డాయి. రెంటిలోనూ దుమ్ము ఉన్నట్టు వెబ్ పరిశీలనలతో 2023లో ప్రకటించారు. 2004 నాటిదానిలో అది సూర్యుడి బరువులో వందో వంతుకు పైనే. అంటే 1987ఏ ఒక్కటే వింత కాదు.

1987ఏ నడుమ ఏం మిగిలిందన్న పాత ప్రశ్న కూడా ఉంది. న్యూట్రినోలు వచ్చాయంటే న్యూట్రాన్ నక్షత్రం పుట్టి ఉండాలి, కానీ ఎంత వెతికినా కనబడలేదు. అడ్డం పడింది ఈ దుమ్మే. 2022 జులైలో వెబ్ చూసినప్పుడు సరిగ్గా నడుమ, ఎలక్ట్రాన్లు ఊడిన ఆర్గాన్ పరమాణువుల వెలుగు కనబడింది. అక్కడ బలమైన కిరణాలు వదిలేది ఏదో ఉంటేనే అలా జరుగుతుంది. అది న్యూట్రాన్ నక్షత్రమేనని గట్టిగా నమ్మడానికి ఇది ఆధారమని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు.

ఇంకా మూయని పద్దు

పుట్టిన దుమ్మంతా మిగులుతుందా? చెప్పలేం. పేలుడు బయటి వాయువును ఢీకొన్నప్పుడు ఒక ఎదురు తాకిడి లోపలికి తిరిగి వస్తుంది. అది రేణువులను చితకగొట్టి మళ్లీ వాయువుగా మార్చగలదు. ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది అన్నదే ఇప్పటి పరిశోధన.

కొంతైనా మిగులుతుందనడానికి రుజువు మాత్రం చేతిలోనే ఉంది. 1969 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ ఊరి దగ్గర ఒక ఉల్క పడింది. అందులో సూర్యుడి కన్నా పాత రేణువులు దొరికాయి. కొన్నిటిలో టైటానియం-44 క్షీణించగా మిగిలిన కాల్షియం ఉంది. ఆ టైటానియం సూపర్‌నోవాలో పుడుతుంది, సుమారు 60 ఏళ్లకు సగమైపోతుంది. అంటే ఆ రేణువు పేలుడు జరిగిన కొద్ది దశాబ్దాల్లోనే గట్టిపడి, తాకిడి తప్పించుకుని, చివరకు మన సూర్యకుటుంబంలో చేరింది. మన నేల, రాయి, ఇనుము ఇలాంటి రేణువులు కూడగా ఏర్పడినవే.

ఆ అమ్మాయికి నేను చెప్పబోయే జవాబు ఇది: కనబడని దుమ్మును దాని సెగతో లెక్క పెడతారు. సెగ తక్కువైతే సరుకు తక్కువ అనుకోకూడదు, చల్లారి ఉండవచ్చు. లెక్క కుదరనప్పుడు అంకెలు దిద్దకుండా, ఇంకా చూడని పెట్టె ఏదైనా ఉందేమో వెతకాలి.

వచ్చే ఫిబ్రవరిలో చీకటి పడ్డాక మీ పిల్లలను మేడ మీదికి తీసుకెళ్లి దక్షిణ దిక్కు చూపించండి. ఊరి దీపాల మధ్య ఆ మేఘం కనబడకపోవచ్చు. అయినా అది ఏ దిక్కున ఉందో తెలుస్తుంది. పరారుణం అనే మాట కూడా అక్కడే చెప్పండి. బడిలో ఏ భాషలో చదివినా, ఇంట్లో దాన్ని తెలుగులో అడగగలగాలి కదా.

— తెలుగు సంఘం కార్యదర్శి