స్నాప్‌షాట్ల పట్టీ

నేడు నేను చెప్పబూనిన విషయము కంప్యూటరునకు సంబంధించినది. బడిలో సంధులును సమాసములును చెప్పుకొని బ్రదికిన తెలుగు పండితునకు దీనితో పనియేమి యని మీకు తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. కాని 2024వ సంవత్సరము వేసవిలో మా యింట జరిగిన యొక సంగతివలన దీనిని నేర్వక తప్పినది కాదు.

ఉద్యోగము విరమించినది మొదలు నేను మెట్టసేద్యపు మాటలను ప్రోగుచేయుచున్నాను. పత్తికొండ సీమలోను జమ్మలమడుగు సీమలోను గొఱ్ఱు, గుంటక, దంతె మున్నగు పనిముట్ల యవయవములకును, రేగడినేల తేమను పట్టు తీరునకును, ముంగారు హింగారు వానల తరతమములకును రైతులు వాడు మాటలలో పుస్తకముల కెక్కనివి పెక్కులు గలవు. ఆ మాటలు తెలిసినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. వీనిని నేను అలవాటైన పాత తెలుగు ఫాంటుతో టైపు చేయుదును. ఆ ఫాంటు మా యింట పాత విండోస్ ఎక్స్‌పీలో తప్ప సరిగా పలుకదు. ఎక్స్‌పీకి మరమ్మతు లిచ్చుట 2014 ఏప్రిల్ 8తో నిలిచిపోయినది. కావున మా తమ్ముని కుమారుడు క్రొత్త కంప్యూటరులో లైనక్సును నిలిపి, దానిలోపల ఎక్స్‌పీ కొఱకు ఇంకొక కంప్యూటరును కల్పించి యిచ్చెను. దీనినే వర్చువల్ మెషీన్ అందురు.

ఇది ఇనుముతో చేసిన పెట్టె కాదు. వెలుపలి కంప్యూటరు తన బలములో కొంత పంచి యిచ్చి నడుపు కల్పితయంత్రము. దాని డిస్కు మనకు ఒక పెద్ద ఫైలుగా కనబడును. ఊహ క్రొత్తది కాదు. ఐబీఎం వారు 1960ల లోనే దీనిని సాధించి, 1972లో వీఎం/370 అను పేర ప్రకటించిరి. లైనక్సులో 2007లో చేరిన కేవీఎం వలన ఇది మనబోటి యిండ్లకును సులభమైనది.

ఇక స్నాప్‌షాట్ అనగా నేమి? మీలో అడంగలు నెఱుగనివారు లేరు. మా తండ్రిగారు గ్రామకరణముగా నుండిరి. 1984లో ఆ పదవులు రద్దగువఱకు ఆయన దప్తరములో ఫసలీ వెంట ఫసలీ అడంగళ్లు కట్టలుగా నుండెడివి. ఏ ఫసలీలో ఏ సర్వే నంబరున ఎవరి యనుభవము, ఏ పైరు, ఎంత విస్తీర్ణము అనునది ఆ యేటి కాగితము చెప్పును. తరువాతి యేడు కొఱ్ఱకు మాఱుగా జొన్న వేసినను, వెనుకటి కాగితము మాఱదు. వర్చువల్ మెషీన్‌కు కూడ ఒకానొక క్షణమున దాని డిస్కు ఎట్లున్నదో అట్లే గుర్తు పెట్టి నిలుపవచ్చును. అదియే స్నాప్‌షాట్. యంత్రము నడచుచుండగా తీసినచో, తెఱచియున్న కాగితముల స్థితికూడ దానిలో నిలుచును.

దీనికి డిస్కునంతయు మఱల వ్రాయ నక్కఱలేదు. తాటియాకుపై గంటముతో వ్రాసినదానిని చెఱుప వీలులేదు గదా! దిద్దవలసివచ్చినప్పుడు పాత ఆకును అట్లేయుంచి, క్రొత్త ఆకు వ్రాసి చేర్చి, ఇకమీద దీనిని చదువుమని గుర్తుపెట్టినట్లు, యంత్రము పాత భాగములను ముట్టక, మాఱిన భాగములను మాత్రము వేఱొకచోట వ్రాసికొనును. అందుచేత స్నాప్‌షాట్ తీయుట త్వరగా ముగియును. తీయుట సులభమగుటచేతనే జనులు ఎడాపెడా తీసి, దేనిలో నేమున్నదో మఱచిపోవుదురు. చిక్కంతయు నిచ్చటనే కలదు.

ప్రతులు మిక్కిలిగా నున్నప్పుడు పట్టీ లేనిదే వానితో ప్రయోజనము తక్కువ. 1800లో నైజాము మన సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసిన వెనుక, కల్నల్ మెకంజీ కావలి సోదరుల సాయమున గ్రామగ్రామము కైఫీయతులు వ్రాయించెను. ఆయన 1821లో గతించెను. ఆ గుట్టలలో నేమున్నదో లోకమునకు తెలిసినది 1828లో విల్సన్ కలకత్తాలో పట్టిక ప్రకటించిన పిమ్మట. కడపలో బ్రౌను బంగళా యుండిన చోట నేడు గల గ్రంథాలయమునకు నేను పోయినప్పుడెల్ల మొదట అడుగునది పుస్తకమును కాదు, పట్టికనే. ఈ యలవాటే ఆ వేసవిలో నన్ను కాపాడినది.

మే నెలలో ఒకనాడు నేనే తొందరపడి ఇంకొక ఫాంటును ఎక్కించితిని. మఱునాడు తెఱచి చూచుసరికి అక్షరములన్నియు కలగాపులగమై యుండెను. మా పిల్లవాడు వచ్చి చూచి, "పెదనాయనా, ఏమీ భయము లేదు. సంక్రాంతికి తీసిన స్నాప్‌షాట్ కలదు. దానికి వెనుకకు పోయినచో అంతయు సరియగును" అని వ్రేలు మీటమీద పెట్టెను. "ఆగుము నాయనా, ముందు పట్టీ చూపుము" అంటిని.

పట్టీ నడుగుటకు బొమ్మల తెర యక్కఱలేదు. టెర్మినల్ అను నల్లని పలక తెఱచి ఒక్క వాక్యము వ్రాసిన చాలును. మీరు దీనిని చెవితో వినుచున్నారు గనుక అక్షరము అక్షరముగా చెప్పుదును. మొదట విర్ష్: వి, ఐ, ఆర్, ఎస్, హెచ్. ఒక ఖాళీ. పిదప స్నాప్‌షాట్, ఖాళీ లేకుండ అడ్డుగీత, లిస్ట్. మఱల ఒక ఖాళీ. చివర యంత్రము పేరు. మా యంత్రము పేరు పాతబడి. పేరు మఱచినచో ముందుగా విర్ష్, లిస్ట్, రెండు అడ్డుగీతలతో ఆల్ అని వ్రాసినయెడల, నడచునవియు నిలిచినవియు నన్ని యంత్రములును కనబడును. ఈ యడుగుటవలన ఏదియు మాఱదు, ఎన్నిసారులైన నడుగవచ్చును.

మాకు మూడు వరుసలు వచ్చినవి. మొదటిది అక్షరాలు, రెండవది మొదలు, మూడవది సంక్రాంతి. ప్రతి వరుసలో పేరు, తీసిన కాలము, అప్పటి స్థితి అని మూడు గడులు. అడుగున నున్నది గనుక సంక్రాంతియే కడపటిదని పిల్లవాడు తలచెను. నేను కాలపు గడి చదివితిని. సంక్రాంతి ఎదుట 2024 జనవరి 15. అక్షరాలు ఎదుట ఏప్రిల్ 9, అనగా ఉగాది. పైన నున్నదే క్రొత్తది! ఈ పట్టీ నిఘంటువువలె పేర్ల యకారాదిక్రమమున వచ్చునే గాని కాలక్రమమున రాదు. ఇది తెలియక అడుగు వరుసను నమ్మువారు పలువురు. అకారాదిక్రమము నా వృత్తి గనుక నాకు వెంటనే తట్టినది, పిల్లవానికి తట్టలేదు. ఇంత చదువు చదివినవాడు!

ఐనను నా గుండె జల్లుమన్నది వేఱొక కారణమున. ఉగాదికి తరువాత నేను పత్తికొండ ప్రాంతమున ఒక వృద్ధరైతు నొద్ద మూడు దినములు కూర్చుండి, గొఱ్ఱు భాగముల పేరులును, విత్తుటకు తగిన పదను నెఱుగుటకు మన్ను పిడికిట పట్టి చూచు విధములను తెలుపు మాటలును వ్రాసికొంటిని. టైపు చేసి కాగితములు పాఱవేసితిని. ఆయన మే మొదటివారమున పరమపదించెను. ఏ స్నాప్‌షాట్‌నకు వెనుకకు పోయినను, ఆ మూడు దినముల మాటలు అందులో లేవు. వెనుకకు పోవుట యనగా నేటి స్థితిని విడిచిపెట్టుటయే; విడిచినది మఱల చేతికి రాదు.

కావున ముందు నేటి చెడిన స్థితికే ఒక స్నాప్‌షాట్ తీయించితిని. దానికి చెడినది అని పేరు పెట్టితిమి. అక్షరములు తెరమీద కలగాపులగముగా కనబడినను ఫైలు చెడలేదు గనుక, దానిని వెలుపలి పెన్‌డ్రైవులోనికి కూడ ఎత్తితిమి. ఆ పిదపనే అక్షరాలు అను స్థితికి వెనుకకు పోయి, ఎత్తిన ఫైలును తెచ్చి తెఱచితిమి.

పట్టీ యడుగునప్పుడు తెలియవలసినవి మఱి రెండు కలవు. ఒక్కొక్కప్పుడు పట్టీ ఖాళీగా వచ్చును, లేదా అట్టి యంత్రమే లేదని జవాబు వచ్చును. అంతమాత్రమున స్నాప్‌షాట్లు పోయినవని గుండె బాదుకొనరాదు. ఈ సాధనమునకు రెండు కచేరీలు కలవు: ఒకటి కంప్యూటరంతటికిని చెందినది, రెండవది ఒక్కొక్క వాడుకరికి చెందినది. జమ్మలమడుగు కాగితమును ప్రొద్దుటూరు కచేరిలో నడిగినచో ఎట్లు దొరకును? విర్ష్ తరువాత రెండు అడ్డుగీతలతో కనెక్ట్ అని, ఖాళీ విడిచి, క్యు, ఇ, ఎం, యు అను నాలుగక్షరములును కోలను గుర్తును మూడు ఏటవాలు గీతలును సిస్టమ్ అను మాటయు చేర్చి, పిదప తక్కిన వాక్యము వ్రాసినచో పెద్దకచేరి పట్టీ వచ్చును.

రెండవది వంశవృక్షము. అదే వాక్యము చివర రెండు అడ్డుగీతలతో ట్రీ అని చేర్చినచో, ఏ స్నాప్‌షాట్ దేనికి బిడ్డయో గీతలతో చూపును. మాకు మొదలునకు సంక్రాంతియు, సంక్రాంతికి అక్షరాలును, దానికి చెడినదియు సంతతిగా కనబడినవి. తరువాత తీసిన వేసవి అనునది చెడినదాని క్రిందికి పోక, దానికి తోబుట్టువై అక్షరాలు క్రిందనే నిలిచినది. ఏలయన మేము వెనుకకు పోయి అచ్చటనుండి క్రొత్త కొమ్మ సాగించితిమి. కాలములను మాత్రము చూచినచో ఈ సంగతి తెలియదు.

స్నాప్‌షాట్లు ఉన్నవి గదా యని ధైర్యపడి వేఱు ప్రతి తీయకుండువారును కలరు. అవన్నియు తఱచుగా ఆ డిస్కులోనే యుండును. డిస్కు పోయినచో పట్టీతో సహా పోవును. 2009 అక్టోబరు 2న తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలును ముంచిన దినమున ఒకే బీరువాలో పది ప్రతులు దాచుకొన్నవానికి ఆ పది ప్రతులవలన నేమి ఫలము? ఆ పెన్‌డ్రైవును నేను మా యింట నుంచలేదు. ప్రొద్దుటూరిలోని మా వియ్యంకునియింట నుంచితిని.

చెడినది అను స్నాప్‌షాట్ ఇంకను ఆ పట్టీలో నున్నది. తీసివేయుదునా యని పిల్లవాడు నెల కొకసారి యడుగుచున్నాడు. ఆ రైతు చెప్పిన మాటలన్నియు కాగితముమీద అచ్చై, ఒక్కొక్కటి నేను సరిచూచుకొనువఱకు ఉండనిమ్మని చెప్పితిని. ఇప్పటికి సగము సరిచూచితిని.