రెండు కళ్లూ ఒకే పక్కనున్న చేప

"సిస్టరమ్మా, కడుపుతో ఉన్న పిల్ల నాలుక చేప తింటే పుట్టే బిడ్డకు మెల్లకన్ను వస్తుందంట గదా?" గర్భిణుల ఓ.పి.లో ఒక అత్తగారు మమ్మల్ని అడిగారు. చంకలో మూడేళ్ల మనుమడు. వాడికి మెల్ల ఉంది. మొదటి కాన్పప్పుడు కోడలు ఆ చేప తిన్నదట, అందుకే ఈసారి ముట్టుకోనివ్వడం లేదు.

ఆ చేపను చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. కానీ అది జబ్బూ కాదు, అవకరమూ కాదు. ఆ కుటుంబమంతా అలాగే ఉంటుంది. శాస్త్రజ్ఞులు దానికి సైనోగ్లాసిడే అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో కుక్క నాలుక అని అర్థం (పేరు విని కూర మానేయకండి). 140కి పైగా రకాలున్నాయి. మన కోస్తాలో దొరికేవీ, కేరళలో వానల తరువాత గుంపులుగా వలలో పడే మలబార్ సోల్ కూడా వీటిలోవే.

గుడ్డులోంచి వచ్చినప్పుడు ఇది బియ్యపు గింజంత కూడా ఉండదు. అప్పుడు అన్ని చేపల్లాగే నిటారుగా ఈదుతుంది, కళ్లు చెరో పక్క ఉంటాయి. కొద్ది వారాలలోనే కుడి కన్ను మెల్లగా జరిగి ఎడమ పక్కకు చేరుతుంది. ఆ తరువాత చేప అడుగున ఇసుకలో, బురదలో కుడి పక్క కిందకు వేసి పడుకుంటుంది. కన్ను కిందే ఉండిపోతే ఏం చూస్తుంది? పెద్దయ్యాక పక్క రెక్కలు ఉండవు. వీపు రెక్క, కింది రెక్క తోకతో కలిసిపోయి, చుట్టూ అంచు కుట్టినట్టు కనిపిస్తాయి. నోరు వంకర. బురదలోని పురుగులు, చిన్న చిన్న రొయ్యల వంటివి దాని ఆహారం.

కొవ్వు తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ. చేపలు పడనివారు తప్ప గర్భిణులు, బాలింతలు తాజాది బాగా ఉడికించి తినవచ్చు. ఉప్పుచేప మాత్రం బి.పి. ఉన్నవారికి వద్దు.

చేప కన్ను జరిగినట్టు మనిషి కన్ను జరగదు. తల్లి తిన్న చేప వల్ల మెల్ల రాదు. కొందరు దాన్ని అదృష్టం అంటారు, అదీ నిజం కాదు. ఆరు నెలలు దాటినా బిడ్డ కన్ను పక్కకు పోతుంటే ఆలస్యం చేయవద్దు. మెదడు ఆ కంటిని వాడటం మానేస్తే చూపు మందగిస్తుంది. చిన్నతనంలోనే అద్దాలు, మంచి కంటికి పట్టీ, అవసరమైతే ఆపరేషను చేస్తే చూపు నిలిపే అవకాశం ఎక్కువ.

మనుమడిని ఆ రోజే కంటి డాక్టరుగారి దగ్గరకు పంపించాము. కోడలి చీటీ మీద "చేపకూర తినవచ్చు" అని రాసిచ్చాము.