ఎండకై పుట్టిన విమానము

జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పన్నెండున్నర నుండి మూడు గంటల దాకా ఆరుబయట కూలీలచే పని చేయింపరాదని ఈ ఎమిరేట్స్ దేశములో చట్టము. ఆ వేళ దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి సీమల నుండి వచ్చిన మనవారు గోదాముల నీడన అన్నపు డబ్బాలు విప్పుకొని కూర్చుండగా, చెంతనే యున్న అల్ మక్తూమ్ విమానాశ్రయము నుండి సరకుల విమానములు మాత్రము యథాప్రకారము లేచుచునే యుండును. ఎండ వానిని బాధింపదని తలచితిమా, పొరపాటే. నిజమునకు మనుష్యుని కంటె విమానమే ఎండకు ఎక్కువ లొంగును.

వేడిమి హెచ్చిన కొలది గాలి పలుచనగును. 15 డిగ్రీల వద్ద ఉండు గాలితో పోల్చిన, 45 డిగ్రీల గాలి సాంద్రత 9 శాతమునకు పైగా తక్కువ. రెక్కను పైకెత్తునది గాలియే. యంత్రము పీల్చి మండించి వెనుకకు నెట్టునదియు గాలియే. కావున గాలి పలుచబడినచో రెక్కకు బలము తగ్గును, ఇంజనుకు తోపు తగ్గును. నేల విడుచుటకు అధిక వేగము కావలయును, ఆ వేగము నందుకొనుటకు అధిక దూరము పరుగెత్తవలయును. రన్‌వే చాలనిచో ప్రయాణికులనో సరకునో ఇంధనమునో దింపివేయుట తప్ప గత్యంతరము లేదు. ఊరు సముద్రమట్టమునకు మిక్కిలి ఎత్తున నున్నచో ఈ కష్టము ఇనుమడించును. నైరోబి 1,600 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. జొహానెస్‌బర్గు అంతకంటె ఎత్తు.

ఈ చిక్కునకే ప్రత్యుత్తరముగా ఇంగ్లండులో ఒక మహావిమానము పుట్టినది. దాని పేరు విక్కర్స్ వీసీ10.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట బ్రిటిషు విమాననిర్మాతల ప్రతిభకు కొదువ లేదు. కొదువ యెల్ల అదృష్టమునకు, కొంతవరకు వివేకమునకును. 1952 మే 2న ప్రయాణికులతో బయలుదేరిన డి హావిలండ్ కామెట్ లోకమున మొట్టమొదటి జెట్ ప్రయాణవిమానము. సరిగా సంవత్సరము నిండిన నాడే ఒక కామెట్ కలకత్తా నుండి లేచిన కొద్దిసేపటికి గాలివానలో చిక్కి ముక్కలైనది. 1954లో జనవరిలో నొకటి, ఏప్రిలులో నొకటి మధ్యధరా సముద్రము మీద గగనముననే విచ్ఛిన్నములయ్యెను. లోపలి గాలి ఒత్తిడి మాటిమాటికి హెచ్చి తగ్గుటచే లోహపు తొడుగు అలసి పగిలినదని ఫార్న్‌బరో శాస్త్రజ్ఞులు ఒక విమానమును నీటితొట్టిలో నుంచి పరీక్షించి తేల్చిరి. ఆ పాఠము లోకమున కంతటికిని ఉపకరించెను గాని, పాఠము నేర్పినవారు వెనుకబడిరి. 1955లో విక్కర్సు వారి వీ1000 అను పెద్ద జెట్టు నిర్మాణములో నుండగనే ప్రభుత్వము దానిని రద్దు గావించెను. అట్లాంటిక్ దాటు మార్గము అమెరికా బోయింగ్ 707కు విడిచిపెట్టబడినట్లే అయ్యెను. ఇది పొదుపు పేర జరిగిన దుబారా అని నా అభిప్రాయము.

అప్పుడు బ్రిటిషు విమానసంస్థ బీఓఏసీ, ఆఫ్రికా, ఆసియా మార్గములలోని పొట్టి రన్‌వేల నుండి, మండుటెండలో, నిండుబరువుతో లేవగల జెట్టును కోరెను. జార్జ్ ఎడ్వర్డ్స్ నాయకత్వమున విక్కర్సు వారు ఆ కోరికను అక్షరాలా నెరవేర్చిరి. 1962 జూన్ 29న తొలిసారి ఎగిరిన ఆ విమానపు రెక్కను క్రింది నుండి చూచిన, దానికి ఒక్క ఇంజనైనను వ్రేలాడదు. మొదటి నుండి చివర వరకు నున్నని రెక్క. లేచునపుడు, దిగునపుడు ముందరి అంచున స్లాట్లు ముందుకు జరుగును, వెనుక అంచున ఫ్లాపులు క్రిందికి పరచుకొనును. రెక్కయంతయు కొంగ రెక్క వలె విశాలమగును. నాలుగు రోల్స్‌రాయ్స్ కాన్వే ఇంజన్లు తోకదగ్గర రెండేసి చొప్పున అమర్చబడెను. ఒక్కొక్కదాని తోపు సుమారు 9 టన్నులు. నేలకు ఎత్తుగా నుండుటచే ఇసుకరేణువులు, గులకరాళ్లు వానిలో పడవు. రొద యంతయు వెనుకబడుటచే ముందు కూర్చుండినవారికి నిశ్శబ్దము.

అయితే ప్రతి సుఖమునకును మూల్యము కలదు. ఇంజను రెక్కకు వ్రేలాడినచో దాని బరువు రెక్కను క్రిందికి లాగి, గాలి పైకి వంచు బలమును కొంత సమము చేయును. ఆ సాయము లేనందున వీసీ10 రెక్కను బలిష్ఠముగా, అనగా బరువుగా కట్టవలసి వచ్చెను. ఇంజన్లను మోయు తోకభాగము సైతము బరువే. తోకపై నెత్తున అడ్డురెక్క గల ఇట్టి నిర్మాణములో, ముక్కు మిక్కిలి పైకెత్తబడి రెక్క పట్టు తప్పినచో తేరుకొనుట దుర్లభమని 1963లో బీఏసీ వన్-ఎలెవన్ పరీక్షావిమానము కూలి అందలి ఏడుగురు మరణించినప్పుడు తెలిసెను.

ఇంతలో కథ మలుపు తిరిగినది. 707లు దిగుటకై లోకమందలి విమానాశ్రయములు రన్‌వేలను పొడిగింప సాగెను. పొట్టి రన్‌వే యే లేనపుడు పొట్టి రన్‌వే కొరకు మోసిన బరువు వట్టి భారమే గదా! 1964లో బీఓఏసీకి క్రొత్తగా వచ్చిన అధ్యక్షుడు గైల్స్ గుత్రీ, ఖర్చు లెక్కలు చూపి, వీసీ10లను వదలించుకొన జూచెను; తుదకు దాని పొడిగించిన రూపమగు సూపర్ వీసీ10లు 30కి బదులు 17 మాత్రమే తీసికొనబడెను. చిత్రమేమనగా, ప్రయాణికులు ఆ విమానమునే వలచిరి. దాని సీట్లు నిండుగా నుండెడివి. అన్నియు కలిపి తయారైనవి 54 మాత్రమే. తానే ఇట్టిది కావలెనని అడిగి చేయించుకొని, అది వచ్చిన పిదప దూషించిన సంస్థను సమర్థించుట కష్టము.

గల్ఫు సీమలో మాత్రము దానికి ఆదరము లభించెను. దుబాయ్ విమానాశ్రయము 1960లో తెరవబడినపుడు రన్‌వే 1,800 మీటర్ల గట్టిపరచిన ఇసుకయే. తారు రన్‌వే 1965లో వచ్చెను. 1970లో గల్ఫ్ ఏవియేషన్ వారు వీసీ10తో లండన్ సర్వీసు నారంభించిరి; అనంతరము ఆ సంస్థయే గల్ఫ్ ఎయిర్ అయి, అట్టివి ఐదింటిని కొనెను. ఆ ఐదింటిని బ్రిటిషు వాయుసేన తిరిగి కొని, ఆకాశముననే ఇతర విమానములకు ఇంధనము పోయు ట్యాంకర్లుగా మార్చెను. 1991 గల్ఫు యుద్ధములో వీసీ10 ట్యాంకర్లు ఈ ప్రాంతపు గగనముననే పని చేసెను.

అట్టి విమానము నాడు ఆదరము పొందిన గడ్డపై నేటి అల్ మక్తూమ్ రన్‌వే పొడవు 4,500 మీటర్లు. ఇట్టి నేల సిద్ధమైన పిదప రెక్క నిపుణతను అడుగు అవసరము తక్కువ. జెట్ ఇంజన్ల శక్తి కూడ నాటికి నేటికి ఎన్నో రెట్లు పెరిగినది. కావున వీసీ10 ఓటమి శాస్త్రపు ఓటమి కాదు. నేలను మార్చుట యంత్రమును మార్చుట కంటె చౌక యగునని ముందుగా లెక్కకట్టకపోవుటయే దాని లోపము.

వాయుసేనలోని కడపటి వీసీ10 2013 సెప్టెంబరులో నేల దిగెను. చూడగోరువారికి ఒమన్ సుల్తాను వాడినది ఇంగ్లండులోని బ్రూక్‌లండ్స్ మ్యూజియములోను, ఎమిరేట్స్ ప్రభుత్వపు రంగులతోనే యున్న మరియొకటి జర్మనీలోని హెర్మెస్‌కైల్ విమానప్రదర్శనశాలలోను కలవు.