తోడు కాదు, జోడు

మే నెల, మిట్టమధ్యాహ్నం, కర్నూలు. బయట 42 డిగ్రీలు. మిద్దె మీది గదిలోంచి మా అన్న కూతురు కేకేసింది: "సిన్నాయనా, గ్లాసు కాలతాంది! పొగ గూడా వస్తాంది!"

పోయి చూస్తే ప్లాస్టిక్ గ్లాసులో తేనెలా ఉండాల్సిన రెజిన్ పచ్చటి గడ్డ కట్టి, నడిమికి పగిలి, పొగలు కక్కుతోంది. పక్కనే సిలికాన్ అచ్చుల్లో పోసిన చందమామలు, ఆకులు, చేపపిల్లలు వేలు పెడితే అంటుకుంటున్నాయి. ఒకే గ్లాసులో కలిపిన సరుకు ఒకచోట మాడింది, ఇంకోచోట గట్టిపడనే లేదు.

"ఏం చేసినావమ్మా?" అన్నాను.

"బిన్నా గట్టిపడాలని రెండో సీసాలోది కొంచెం ఎక్కువ పోసినా."

కింద నుంచి వదిన అందుకుంది: "చేమిరి ఎక్కువేస్తే పెరుగు బిన్నా తోడుకోదా? అట్లే అనుకునింటాది పాపం."

వదిన చెప్పిందే అసలు జబ్బు. రెజిన్ పనిలో దిగిన కొత్తవాళ్లలో చాలామంది ఈ చేమిరి లెక్కతోనే చెడిపోతారు. మా పిల్ల చేయబోయినవి చార్మ్‌లు. చార్మ్‌లంటే తెలుసుగా, తాళాల గుత్తికి, బ్యాగు జిప్పుకు, చేతి గొలుసుకు వేలాడే చిన్న చిన్న బొమ్మలు. మన దిష్టిపూసకు, మొలతాడుకు కట్టే గంటకు చుట్టాలే. ఇంట్లో చేసుకోవడానికి ఇప్పుడు ఎక్కువగా వాడే సరుకులు రెండు: ఎపాక్సీ రెజిన్, పాలిమర్ క్లే. ఒకటి తన వేడి తానే పుట్టించుకుంటుంది. రెండోది బయటి వేడి లేనిదే కదలదు. రాయలసీమ ఎండ ఈ రెండింటి మధ్యా దూరి పెత్తనం చేస్తుంది.

ముందు రెజిన్ సంగతి. పెద్ద సీసాలో ఉండేది ఎపాక్సీ. దాని అణువు రెండు కొసలకూ ఒక్కో చిన్న ముక్కోణం ఉంటుంది: రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్. కార్బన్ తన బంధాల మధ్య 109 డిగ్రీల ఎడం కోరుకుంటుంది. ఈ ముక్కోణంలో 60 డిగ్రీల్లో ఇరుక్కుని ఉంటుంది. అంటే ఎక్కుపెట్టిన విల్లు. చిన్న సీసాలోది అమీన్, మనం హార్డెనర్ అంటాం. అందులోని నైట్రోజన్ వచ్చి ముక్కోణాన్ని తెంచి కార్బన్‌ను పట్టుకుంటుంది. బిగువు వదిలినప్పుడల్లా వేడి పుడుతుంది. నైట్రోజన్ మీద ఎన్ని హైడ్రోజన్లుంటే అది అన్ని ముక్కోణాలను పట్టగలదు, అంతకు మించి ఒక్కటి కూడా పట్టలేదు. ఇలా పట్టుకుంటూ పోయి, చివరికి అచ్చులో ఉన్నదంతా ఒకే ఒక్క వలగా మారుతుంది. మీ చేతిలో ఉన్న చందమామ బొమ్మ దాదాపు ఒకే మహా అణువు అన్నమాట.

పెరుగు అలా కాదు. చేమిరిలో ఉన్నవి బ్యాక్టీరియా. అవి పాలలో పెరిగి, పనిచేసి, తమ సంతతిని మిగుల్చుకుంటాయి. చెంచాడు వేసినా, గరిటెడు వేసినా చివరికి పెరుగే అవుతుంది, కాలమే తేడా. హార్డెనర్ చేమిరి కాదు, బొమ్మలో అదీ ఒక భాగం. ఎక్కువ పోస్తే ఆ ఎక్కువైన అమీన్‌కు జోడు దొరకదు. దొరకనిది వలలో చేరకుండా జిగటగా మిగిలిపోతుంది. తక్కువ పోసినా అదే గతి, ఈసారి ఒంటరిగా మిగిలేది ఎపాక్సీ. వారం ఎండలో పెట్టినా ఆ జిగురు పోదు. న్యాయానికి ఒక మాట చెప్పాలి: ఫైబర్ పనివాళ్లు వాడే పాలియెస్టర్ రెజిన్‌కు చేమిరి లెక్క కొంత నప్పుతుంది, నూటికి ఒకటి రెండు పాళ్ల గట్టిపరిచే ద్రవం చాలు. రెండింటినీ రెజిన్ అనే పిలవడం వల్లే ఈ గందరగోళం.

ఎం-సీల్ వాడని ఇల్లు మన దగ్గర ఉండదు. నీళ్ల పైపు కారితే రెండు రంగుల ముద్దలను సమంగా తీసి, ఒకే రంగు వచ్చేదాకా పిసికి అంటిస్తాం. అదీ ఎపాక్సీయే. ప్లంబరు రెండో ముద్దను ఎక్కువ కలపడు, గమనించండి. స్విట్జర్లాండులో పియర్ కాస్తాన్, అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ 1930, 40లలో విడివిడిగా ఈ రసాయనం మీద పనిచేశారు. 1946లో అరాల్డైట్ జిగురు బజారులోకి వచ్చింది. నగల దుకాణం దాకా రావడం ఆ తర్వాతి మాట.

కొలతలో ఇంకో మోసం ఉంది. సీసా మీద 2:1 అని రాసి ఉంటే అది కొలగ్లాసు లెక్కా, తూకం లెక్కా అని చూసుకోవాలి. ఎపాక్సీ మిల్లీలీటరుకు సుమారు 1.15 గ్రాములు తూగుతుంది. హార్డెనర్ తేలిక, 0.96 దగ్గర ఉంటుంది. 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీలీటర్లు కలిపితే తూకంలో అది 115 గ్రాములకు 48, అంటే 2.4:1. కొలగ్లాసుకు చెప్పిన 2:1ని త్రాసు మీద పాటిస్తే హార్డెనర్ ఐదో వంతు ఎక్కువ పడుతుంది. మా పిల్ల చేసిన తప్పే, ఈసారి తెలియకుండా.

సరే, గ్లాసు ఎందుకు పొగలు కక్కింది? రసాయన చర్యల వేగం స్థూలంగా 10 డిగ్రీలకు ఒకసారి రెట్టింపవుతుందని లెక్క. 25 డిగ్రీల గదిలో 40 నిమిషాలు పోసుకునే వీలున్న రెజిన్ 35 దగ్గర 20 నిమిషాలకే చిక్కబడుతుంది, 45 దగ్గర 10 నిమిషాలకు. పైగా గ్లాసులో లోతుగా ఉన్న ముద్ద నుంచి వేడి బయటికి పోలేదు. వేడి వల్ల చర్య పెరుగుతుంది, చర్య వల్ల వేడి పెరుగుతుంది. గడ్డివాము లోపల రాజుకున్నట్టు ఒక్కసారిగా ఎగబాకుతుంది. పలుచగా పోసిన అచ్చుల్లో మాత్రం పుట్టిన వేడి పుట్టినట్టే గాలిలోకి పోతుంది. కాబట్టి మన ఊళ్లలో ఎండాకాలం ఈ పనికి తెల్లవారుజామే మేలు. కొంచెం కొంచెం కలుపుకోవాలి. కలిపింది వెడల్పు పళ్లెంలోకి మార్చుకోవాలి.

ఎండ చేసే మేలు కూడా ఉంది. వెచ్చటి రెజిన్ పలుచన, బుడగలు తొందరగా పైకి తేలతాయి. బుడగ తేలే వేగం దాని వ్యాసార్ధం వర్గాన్ని బట్టి ఉంటుంది. సగం సైజు బుడగకు నాలుగింతల సమయం కావాలి, అందుకే కంటికి ఆనని నలుసులే మొండివి. ఇంకో మేలు మన పొడి గాలి. కోస్తా ఊళ్లలో వానాకాలం అమీన్ గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి బొమ్మ మీద నూనె పూసినట్టు తెల్లటి పొర కడుతుంది. కర్నూలు, కడపల్లో ఏడాదిలో చాలా నెలలు ఆ బాధ లేదు. కోనసీమ వాళ్లకు లేని భాగ్యం మనకు ఒకటైనా ఉన్నందుకు సంతోషిద్దాం. మన బాధ దుమ్ము. పొడి గాలిలో ప్లాస్టిక్ మీద పుట్టిన విద్యుదావేశం నిలిచిపోయి ధూళిని లాగుతుంది. పోసిన వెంటనే మూత బోర్లించాలి. ఫ్యాను కింద పెడితే తొందరగా ఆరుతుందనుకోవద్దు. రెజిన్ ఆరదు. అందులోంచి ఆవిరయ్యేది ఏమీ లేదు. ఫ్యాను ఇచ్చేది దుమ్మే.

యూవీ రెజిన్ వేరే జాతి. దాన్ని కాంతి గట్టిపరుస్తుంది. పంటి డాక్టరు నీలి దీపం పెట్టి పుచ్చు పూడ్చేది ఇలాంటి సరుకుతోనే. మన ఎండకు నిమిషాల్లో బిగుస్తుంది. కిటికీ దగ్గర మూత తీసిన సీసా మూతి కూడా బిగుస్తుంది.

ఇక పాలిమర్ క్లే. పేరులో మట్టి ఉందే గానీ సరుకులో మట్టి లేదు. కుమ్మరి మట్టిలో పలుచటి ఖనిజపు రేకుల మధ్య నీరుంటుంది. నీరు పోతే రేకులు దగ్గరపడి ముద్ద కుంచించుకుపోతుంది. వేసవిలో నల్లరేగడి చేను కాలు దిగేంత నెర్రెలు విచ్చేది ఇందుకే. ఫెవికాల్, మొక్కజొన్న పిండి కలిపి ఇంట్లో చేసుకునే క్లే కూడా నీరు పోయే గట్టిపడుతుంది. మే నెలలో దాన్ని నీడలో, తడిగుడ్డ కింద నెమ్మదిగా ఆరనివ్వకపోతే పై చర్మం ముందు బిగిసి రేగడి చేనులాగే పగులుతుంది. పాలిమర్ క్లేలో నీరే లేదు కాబట్టి ఆ బెడద లేదు.

అందులో ఉన్నది పీవీసీ పొడి. ఇంటి పైపుల పీవీసీయే, సన్నటి రేణువులుగా. దాన్ని మెత్తబరిచే నూనెలాంటి ద్రవం, రంగు కూడా ఉంటాయి. అమెరికాలో వాల్డో సెమన్ 1926లో పీవీసీని ఇలాంటి ద్రవాలతో మెత్తబరిచే కిటుకు కనిపెట్టాడు. జర్మనీలో బొమ్మల తయారీకి పేరుపడ్డ కేతె క్రూజె కూతురు ఇంట్లో బొమ్మల తలలకని ఇలాంటి ముద్దతో కుస్తీ పట్టింది. 1964లో ఆ ముద్ద హక్కులు కొన్న కంపెనీ దాన్ని ఫిమో పేరుతో అమ్మింది.

కాల్చినప్పుడు ఏమవుతుందో రాయలసీమ వంటింటికి వేరే చెప్పనక్కర్లేదు. రాగిపిండి చన్నీళ్లలో కలిపితే అడుక్కు దిగుతుంది. వేడి చేయండి. పిండి రేణువులు నీళ్లు తాగి ఉబ్బి, ఒకదాన్నొకటి ఒరుసుకుని, హద్దులు చెరిగి సంగటి ముద్దవుతాయి. పీవీసీ రేణువులు కూడా వేడికి ఆ ద్రవాన్ని తాగి ఉబ్బి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఉడకని సంగటి పిండిపిండిగా రాలినట్టే, సరిగ్గా కాలని క్లే చెవిదిద్దు వంచితే పుటుక్కున విరుగుతుంది. కావలసిన వేడి రకాన్ని బట్టి 110 నుంచి 130 డిగ్రీలు. మందం 6 మి.మీ. ఉంటే అర్ధగంట దాకా. ఈ సమయం పైపొర కోసం కాదు, నడిమిదాకా వేడి పాకడానికి. నీళ్లలో ఉడకబెడితే 100 దాటదు, సంగటి పచ్చిగానే ఉంటుంది. కర్నూలు ఎండ 45 అయినా చాలదు.

చాలదు గానీ చెడగొట్టడానికి సరిపోతుంది. రేకుల గదిలో వేసవంతా ఉంచిన పచ్చి క్లేలో రేణువులు కొద్దికొద్దిగా ద్రవం తాగడం మొదలెడతాయి. జూన్‌లో తీసి పిసికితే ఇసుకలా రాలుతుంది. ఫ్రిజ్జు లేకపోతే, ప్లాస్టిక్ కవరులో చుట్టి కుండ పక్కన చల్లగా పెట్టండి. గట్టి పెళుసు ప్లాస్టిక్ డబ్బాలో మాత్రం వద్దు, ఆ ద్రవం డబ్బాను కూడా కరిగిస్తుంది. పిసకడానికి మన ఇళ్లలో ఉన్న కడప బండ గట్టును మించింది లేదు. నున్నన, చదును, చల్లన. వేళ్ల వేడికి జావైపోయే క్లేను బండ చల్లబరుస్తుంది.

ఆ గట్టు మీద నిమ్మరసం పడితే తెల్లమచ్చ పడటం చూసే ఉంటారు. కడప బండ సున్నపురాయి, ఆమ్లానికి కరుగుతుంది. నిమ్మ కన్నా ఎంతో ఘాటైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం పాలిమర్ క్లే మాడితే ఆవిరిగా వస్తుంది. పీవీసీలో సగానికి పైగా బరువు క్లోరిన్‌దే మరి. కుక్కరులో ఉప్పు పోసి కేకు చేసే చిట్కాను ఈ పనికి వాడొద్దనేది అందుకే. అడుగున వేడి ఎంతకు పోతుందో మన చేతిలో ఉండదు. చిన్న ఓవెన్, లోపల విడిగా ఒక థర్మామీటరు, తెరిచిన కిటికీ కావాలి. వంటకు వాడే ఓవెన్ వద్దు.

ఇవేమీ లేని కాలంలో మనకు లక్క ఉండేది. చెట్ల కొమ్మల మీద చిన్న పురుగు స్రవించే రెజిన్ అది. కంసాలి డొల్ల నగలో పోసేది, హైదరాబాదు లాడ్ బజారు గాజుల్లో అద్దాలు పొదిగేది, ఏటికొప్పాక లక్కపిడతల మీద మెరిసేది అదే. లక్కను వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే బిగుస్తుంది, మళ్లీ వేడి చేస్తే మళ్లీ మెత్తన. బెల్లంపాకం తంతు. తప్పు చేస్తే కరిగించి మొదలుపెట్టొచ్చు. ఎపాక్సీ ఉడికిన గుడ్డు, వెనక్కి రాదు. నన్నడిగితే నేర్చుకునేవాళ్లకు లక్కే దయగల గురువు. బజారులో మాత్రం రెజిన్‌దే రాజ్యం. సరుకు ఏదైనా, అలంకారపు యావ మనకు కొత్తదేమీ కాదు. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురం రాతిగూడులో మనుషులు సుమారు 35 వేల ఏళ్లుగా మసలిన ఆనవాళ్ల మధ్య పూసలు కూడా దొరికాయి.

వెనక్కి రాకపోయినా ఎపాక్సీ మెత్తబడదని కాదు. గది వేడిలో బిగిసిన రెజిన్‌కు ఒక హద్దు ఉంటుంది, చాలా రకాలకు 45, 60 డిగ్రీల మధ్య. అది దాటితే గాజులాంటిది తోలులా వంగుతుంది. ఎండలో నిలిపిన కారు లోపల 60 దాటడం మన దగ్గర మామూలే. ముందుటద్దం కింద పెట్టిన తాళాలగుత్తి బొమ్మ సాయంత్రానికి వంకర తిరిగితే అమ్మినవాళ్లను తిట్టకండి. రంగు పచ్చబడటం కూడా ఎండ పనే, అతినీలలోహిత కిరణాలు ఎపాక్సీ అణువులోని బెంజీన్ వలయాలను తాకిన ఫలితం. లోపల తంగేడు పూలో, చామంతి రేకో పొదగాలంటే నీడన పుస్తకంలో పూర్తిగా ఎండబెట్టండి. తడి ఉంటే నల్లబడి బుడగలొస్తాయి.

చేతులకు నైట్రైల్ తొడుగులు తప్పనిసరి. హార్డెనర్ చర్మానికి పదేపదే తగిలితే ఒకరోజు దురద మొదలై ఎలర్జీగా స్థిరపడుతుంది. ఒకసారి పట్టుకుంటే జన్మంతా వదలదు. చేతికి అంటితే థిన్నరుతో తుడవొద్దు, అది సరుకును చర్మంలోకి ఇంకా లోతుగా తీసుకుపోతుంది. సబ్బు, నీళ్లు చాలు. బిగిసిన బొమ్మను గరుకు కాగితంతో రుద్దేటప్పుడు తడిపి రుద్దండి.

మా పిల్ల ఇప్పుడు తెల్లవారి ఐదింటికి త్రాసు ముందేసుకుని కూర్చుంటోంది. జిగట బొమ్మలు దక్కలేదు. గ్లాసులో మాడిన గడ్డ మా బీరువా మీద ఉంది. మిగిలిన ద్రవాలను ఏం చేయాలని అడిగింది. మీకూ అదే చెబుతున్నాను. తూములో పోయకండి. పచ్చి ఎపాక్సీ, హార్డెనర్ రెండూ చేపలకు విషం. కర్నూలులో పోసింది హంద్రీకో తుంగభద్రకో చేరుతుంది, కడపలో పోసింది బుగ్గవంక మీదుగా పెన్నకు. మిగిలినవాటిని కొలత ప్రకారం కలిపి, పలుచగా ఒక పాత కవరు మీద పరిచి, పూర్తిగా బిగిశాకే చెత్తలో వేయండి.