గుండె చేసిన ప్రయాణము

నడిసముద్రమున ఓడలోని ప్రయాణికునికి ప్రాణము మీదికి వచ్చినచో రేవు చేరువరకు ఆగుటకు వీలులేదు. హెలికాప్టరు వచ్చి, త్రాటితో రోగిని పైకెత్తి, ఒడ్డునకు గొనిపోవును. మహానగరమునందు అట్లే దారికి అడ్డుపడునది వాహన సముద్రము.

2021 ఫిబ్రవరి 2వ తేదీన హైదరాబాదు ఎల్‌బీ నగర్‌లోని కామినేని ఆసుపత్రియందు మెదడు మరణించిన నల్లగొండ జిల్లా రైతు గుండెను, జూబిలీహిల్స్ అపోలో ఆసుపత్రిలోని రోగికి అమర్చవలసి వచ్చెను. దేహమును వీడిన గుండె సుమారు నాలుగు గంటలే పనికివచ్చును. అంబులెన్సులో నాగోలు చేరిన ఆ గుండెను ప్రత్యేక మెట్రో రైలు అందుకొని, నడుమ ఎచ్చటను ఆగక, 21 కిలోమీటర్లను అరగంట లోపుననే దాటించెను.

యంత్రము వేగమునే ఈయగలదు. పుట్టెడు దుఃఖములోను దానమునకు సమ్మతించిన ఆ రైతు కుటుంబము లేనిచో, ఆ బండి కదలియే యుండదు.