కదలెడు చీనా పటము

చిత్రమన గోడకు వ్రేలాడదీసి, దూరమున నిలిచి చూచునదియని మనలో పెక్కుమంది తలంపు. పూర్వము చీనాదేశమున దీర్ఘపటములను చుట్టగా చుట్టి పెట్టెలో దాచెడివారు. చూడగోరినవారు బల్లపై నుంచి, ఎడమచేత విప్పుచు కుడిచేత చుట్టుచు, ఒక్కొక్కమారు మూరెడో బారెడో చూచెడివారు. మన చేర్యాల పటమును కథకుడు ఘట్టము వెంట ఘట్టముగా చూపినట్లే. అయితే ఇచ్చట కథకుడును ప్రేక్షకుడును ఒక్కరే.

అట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది పన్నెండవ శతాబ్దమునాటి జాంగ్ జెడ్వాన్ పటము, ‘చింగ్‌మింగ్ వేళ నదీతీరము’. పట్టుబట్టపై సిరాతోను లేతరంగులతోను వ్రాసినది. ఎత్తు జానెడుకన్న కొంచె మెక్కువ. పొడవు 5 మీటర్లకు పైచిలుకు. గాడిదల బారులు, అంగళ్లు, పూటకూళ్లిండ్లు, పల్లకీలు, ఒంటెలు, వందలకొలది జనము! ఆడువారు మాత్రము బహు స్వల్పము, వెదకి పట్టుకొనవలసినదే. నడుమ విల్లువలె వంగిన కొయ్యవంతెన. దానిక్రిందికి వచ్చు పడవ అదుపు తప్పుచున్నది. పైవారు చేతులు చాచి కేకలిడుచున్నారు.

పట్టు వెలుతురున చెడును గనుక బీజింగులోని రాజప్రాసాద ప్రదర్శనశాలవారు దీనిని అరుదుగా గాని వెలికి తీయరు. 2015లో తీసినప్పుడు జనులు గంటలకొలది వరుసలో నిలిచిరి. ఈ కొఱత తీర్చు ప్రయత్న మంతకు మునుపే జరిగినది. 2010లో షాంఘై లోకప్రదర్శనమున చీనావారు పటమును 100 మీటర్లకు మించిన తెరగా పెంచి, 12 ప్రొజెక్టర్లతో ఆడించిరి. నీరు పారెను, ఒంటెలు నడచెను; కొన్ని నిమిషములలో పగలు రాత్రియై దీపములు వెలిగెను.

ఆ రాత్రి యెచ్చటిది? చిత్రకారుడు వ్రాయలేదే! అయినను తప్పని మేమనము. హరిదాసులు పురాణకథను పెంచి చెప్పుట లేదా? మా చింత వేఱు. మూలపటమున ఆ పడవ తొమ్మిదివందల యేండ్లుగా వంతెనను దాటలేదు. దాటునో, తాకునో, చూచువారి మనస్సే చెప్పుకొనవలెను. కదలు బొమ్మ మనకొఱకు ఆగదు. చూపు నిలిపినచోట అది నిలువదు.

ఇంతకన్న మాకు నచ్చినది ఆడంబరము లేని వేఱొక యేర్పాటు. ఆ ప్రదర్శనశాలవారే తమ చిత్రముల స్పష్టమైన ప్రతిరూపములను అంతర్జాలమున నుంచిరి. వ్రేలితో పటమును జరుపుచు, వలసినచోట పెద్దది చేసి, నచ్చినంతసేపు నిలువవచ్చును. గట్టున నడచుచు పడవను త్రాళ్లతో లాగువారి వంగిన వీపులు అద్దపుపెట్టె చెంత త్రోపులాటలో ఎవరికి కానవచ్చును?

సోదరీమణులారా, చూడదలచినచో కుడి కొననుండి మొదలిడుడు. చీనాపటము కుడినుండి యెడమకు సాగును.